గోడ పగుల్లో రాణివాసం
కుట్టని తేనెటీగల పుట్టుక కథ

పాత మట్టి గోడ పగుల్లో నుంచో, చింతచెట్టు తొర్రలో నుంచో చిన్న మైనపు గొట్టం ఒకటి బయటికి పొడుచుకు వచ్చి ఉంటుంది. దాని నోటి దగ్గర దోమకంటే కాస్త లావుగా ఉండే నల్లని ఈగలు కాపలా కాస్తుంటాయి. పల్లెల్లో వీటిని చూడనివారు ఉండరు, పట్టించుకునేవారే తక్కువ. ఇవీ తేనెటీగలే. అయితే కుట్టవు. కుట్టేందుకు పనికొచ్చే కొండి వీటికి లేదు. మరీ కోపం వస్తే జుట్టులో దూరి కొరుకుతాయి, జిగురు అంటిస్తాయి. శాస్త్రజ్ఞులు వీటికి పెట్టిన పేరు టెట్రాగోనులా ఇరిడిపెన్నిస్. ఒక గూటి నుంచి ఏడాదికి దొరికే తేనె కొన్ని వందల గ్రాములే. మందుకు మంచిదన్న నమ్మకంతో దానికి గిరాకీ మాత్రం ఎక్కువ.

ఆ కొద్ది తేనె కోసం గునపంతో గోడ పగలగొడితే పోయేది తేనె ఒక్కటే కాదు. చెట్టుకొమ్మకు తుట్టె పెట్టే తేనెటీగలకు పొగ పెడితే రాణితో సహా లేచిపోయి మరోచోట వాలతాయి. ఈ చిన్న ఈగల రాణికి ఆ దారి లేదు. గుడ్లు పెట్టడం మొదలుపెట్టాక దాని పొట్ట ఉబ్బిపోతుంది, ఇక జన్మలో ఎగరలేదు. గూడు చితికితే అక్కడే చస్తుంది. పోయిన రాణి స్థానంలో మరో రాణిని అప్పటికప్పుడు తయారు చేసుకోవడమూ ఈ ఈగలకు తేలిక కాదు. ఎందుకన్నది తెలియాలంటే గూటిలో పిల్ల ఎలా పెరుగుతుందో చూడాలి.

మూత పడితే అంతే

కూలి ఈగలు మైనంలో చెట్ల జిగురు కలిపి జొన్నగింజంత గదులు కడతాయి. పుప్పొడి, తేనె, తమ నోటి గ్రంథుల రసం కలిసిన పాయసంలాంటి మేతను ఒక్కో గదిలో నింపుతాయి. రాణి వచ్చి ఆ మేత మీద ఒక గుడ్డు పెడుతుంది. వెంటనే కూలి ఈగలు గదికి మూత వేసేస్తాయి. పురిటి బిడ్డకు ఏళ్ళకు సరిపడా బియ్యం పక్కన పోసి తలుపు గొళ్ళెం పెట్టినట్టే. ఇక తల్లి రాదు, దాది రాదు. లోపల గుడ్డు పగిలి పురుగవుతుంది, ఉన్న మేతంతా తింటుంది, తన చుట్టూ పట్టు గూడు అల్లుకుని రెక్కల ఈగగా మారుతుంది. సుమారు నెలన్నర పడుతుంది. ఈలోగా కూలి ఈగలు గది పైనున్న మైనాన్ని గీకి వేరే పనికి వాడుకుంటాయి. అందుకే కొత్త గదులు ముదురు రంగులో, ముదిరినవి లేత రంగులో కనిపిస్తాయి.

అదే గుంపులో అంచున ఎక్కడో ఒక గది మిగిలిన వాటికంటే బాగా పెద్దదిగా ఉంటుంది. అదే రాణి గది. అందులో పెట్టే గుడ్డు ప్రత్యేకమైనదేమీ కాదు. మేత ఎక్కువ, అంతే తేడా. కడుపునిండా తిన్నది రాణి, కొలిచి పెట్టింది తిన్నది కూలి.

పెట్టెల్లో పెంచే తేనెటీగలకు ఈ ఇబ్బంది లేదు. వాటి పిల్లల గదులు తెరిచే ఉంటాయి, రోజూ మేత అందుతుంది. రాణి హఠాత్తుగా చనిపోతే లేత పురుగును ఒకదాన్ని ఎంచుకుని, గది పెంచి, రాయల్ జెల్లీ అనే రాజాహారం పోసి, కొద్ది రోజుల్లోనే కొత్త రాణిని నిలబెట్టుకుంటాయి. మూసిన గదిలో ఉన్న పురుగుకు అలా పోసేవారెవరు? కొన్ని కుట్టని జాతుల్లో మాత్రం ఒక వింత కనిపించింది. పురుగే గది గోడ కొరికి, పక్క గదిలోని మేత కూడా తినేసి రాణి అవుతుంది.

బ్రెజిల్‌లో తేలిన లెక్క

మేతే రాణిని చేస్తుందన్న ఈ సూత్రం కుట్టని తేనెటీగలన్నిటికీ వర్తించదు. అమెరికా ఖండాల ఉష్ణ ప్రాంతాల్లో మెలిపోనా అనే తెగ ఉంది. మన దేశంలో అది లేదు. దాని గూటిలో రాణి గది అంటూ వేరే ఉండదు. అన్ని గదులూ ఒకే కొలత, రాణి కూడా కూలి ఈగకంటే పెద్దది కాదు. మరి రాణి ఎలా పుడుతోంది?

బ్రెజిల్ శాస్త్రజ్ఞుడు వార్విక్ కెర్ పుట్టిన పిల్లలను ఓపికగా లెక్కపెట్టాడు. మేత పుష్కలంగా ఉన్నప్పుడు ఆడపిల్లల్లో దాదాపు నాలుగింట ఒకటి రాణి అవుతోంది. రాణి కావడం పుట్టుకతో వచ్చే గుణమని 1950లో ఆయన ప్రకటించాడు. ఆయన చెప్పిన లెక్క రెండు నాణాలు ఎగరేయడం లాంటిది. రెండు జతల జన్యువులు ఉన్నాయనుకోండి. రెండు జతల్లోనూ తల్లి నుంచి ఒక రకం, తండ్రి నుంచి మరో రకం వస్తేనే రాణి. ఒక్కో జతలో అలా కలిసే అవకాశం సగం. రెండు నాణాలూ ఒకేసారి బొమ్మ పడే అవకాశం నాలుగింట ఒకటి. మేత తక్కువైతే ఆ యోగం ఉన్న పిల్ల కూడా కూలి ఈగగానే మిగులుతుంది. (1956లో ఆఫ్రికా తేనెటీగలను బ్రెజిల్‌కు తెప్పించినదీ ఈ కెర్ గారే. మరుసటి ఏడు అవి తప్పించుకుని ఖండమంతా పాకిపోయాయి. దానితో ఆయన అసలు పరిశోధన చాలామందికి తెలియకుండా పోయింది.)

ఆ జన్యువులేవో ఇప్పటికీ ఎవరూ పట్టి చూపలేదు. పురుగు దశలో ఒక హార్మోను పూస్తే పిల్లలన్నీ రాణులే అవుతాయని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. మూసిన గదిలో ఉన్న పిల్ల తానే రాణి కావాలని చూసుకుంటుందని మరికొందరి వాదన. ఏదైతేనేం, గూటికి కావలసింది ఒక్క రాణి, పుట్టేవి డజన్లు. మిగులు రాణులను కూలి ఈగలే చంపి పారేస్తాయి.

మేనరికం ముప్పు

మగ ఈగకు తండ్రి ఉండడు. ఫలదీకరణ జరగని గుడ్డు నుంచి పుడుతుంది కనుక దాని క్రోమోజోములు ఆడ ఈగలో ఉండేవాటిలో సగమే. ఆడపిల్ల పుట్టాలంటే లింగాన్ని నిర్ణయించే జన్యువు తల్లి నుంచి ఒక రకం, తండ్రి నుంచి వేరే రకం రావాలి. రెండూ ఒకటే అయితే కూలి ఈగ కావలసిన గుడ్డు పనికిరాని మగ ఈగ అవుతుంది. ఈ ఈగల రాణి సాధారణంగా జీవితంలో ఒక్క మగ ఈగతోనే జతకడుతుంది. రాణికి ఉన్న రెండు రకాల్లో ఒకటి ఆ మగ ఈగలోనూ ఉంటే ఫలదీకరణ జరిగిన గుడ్లలో సగం ఇలా వ్యర్థం. తిండికి తప్ప పనికి రాని మగ ఈగలు పెరిగేసరికి, కొన్ని జాతుల్లో కూలి ఈగలు ఆ రాణినే చంపేస్తాయి.

ఒక ప్రాంతంలో ఈగలు ఈ ముప్పు లేకుండా నిలవాలంటే కనీసం 44 గూళ్ళు ఉండాలని కెర్, వెంకోవ్‌స్కీ 1982లో లెక్కగట్టారు. కొద్ది గూళ్ళతో మొదలైన ఒక మెలిపోనా గుంపు ఏళ్ళ తరబడి నిలిచిందని 2011లో మరో పరిశోధన చూపింది. కాబట్టి 44 అన్నది గీసిన గీత కాదు. అలాగని ఒకే గూటిని చీల్చి చీల్చి పది కుండలు చేసి, చుట్టుపక్కల అడవి గూళ్ళు లేకుండా చేసుకోవడం తెలివైన పని కాదు. కొత్త రాణి బయటికి వచ్చినప్పుడు గూటి ముందు ముసిరే మగ ఈగలు పలు గూళ్ళ నుంచి వస్తాయి. గోడలకు సిమెంటు పూసేటప్పుడు ఆ గొట్టం ఉన్న పగులును వదిలేస్తే ఇంటికి నష్టమేమీ లేదు.

గూడును రెండు చేయదలచినవారు మొదట చూడవలసింది ఆ పెద్ద గదినే. లేత రంగుకు తిరిగిన పిల్లల గదులు, వాటితో రాణి గది ఒకటి, కొంత తేనె, పుప్పొడి కుండలు కొత్త పెట్టెలోకి మార్చాలి. ముసలి రాణిని పాత గూటిలోనే ఉంచాలి. ఈగలు తమంతట తాము చీలేటప్పుడు చేసేదీ ఇదే. తల్లి కదలదు, కూతురే కొత్త ఇంటికి వెళుతుంది. కూలి ఈగలు పాత గూటి నుంచి మైనం, తేనె కొన్నాళ్ళపాటు మోసుకెళ్ళి ఆ ఇంటిని నిలబెడతాయి.