వరిగడ్డి పాలుగా ఎలా మారుతుంది?

గేదె గడ్డి తిని పాలిస్తుందని అందరం అంటాం. ఆ మాట సగమే నిజం. గేదె గడ్డిని కొరుకుతుంది, మింగుతుంది, తీరిగ్గా పడుకుని నెమరేస్తుంది. కాని గడ్డిలోని సెల్యులోజ్ అనే పీచుని విడగొట్టే ఎంజైము దాని ఒంట్లో తయారుకాదు. మన ఒంట్లోనూ అంతే. మరి దివిసీమలో వరిగడ్డి మేసే గేదె పూటకిన్ని పాలు ఎలా ఇస్తోంది?

గేదె పొట్టలో నాలుగు అరలుంటాయి. మొదటి అర పేరు రూమెన్. పెద్ద పశువుకైతే అది సుమారు వంద లీటర్లు పట్టే గాబు అనుకోండి. లోపల ఆక్సిజన్ దాదాపు ఉండదు, వేడి ఎప్పుడూ 39 డిగ్రీల దగ్గరే. ఆ గాబులో కుడితి కాదు, ఒక లోకమే ఉంది. ఒక్క మిల్లీలీటరు రసంలో వెయ్యి కోట్ల దాకా బాక్టీరియా, వాటితోబాటు ప్రోటోజోవా, బూజు జాతి జీవులు! గాలి తగిలితే చచ్చే ఈ జీవుల్ని చాలాకాలం పెంచి చూడటం కష్టమైంది. అమెరికాలో రాబర్ట్ హంగేట్ ఆక్సిజన్ లేని గాజుగొట్టాల్లో వాటిని పెంచే పద్ధతి కనిపెట్టాక దారి తెరుచుకుంది. ఆయన రాసిన పెద్ద పుస్తకం 1966లో వచ్చింది. బూజుల సంగతి ఇంకా ఆలస్యం. అంతవరకూ ప్రోటోజోవా అనుకుంటున్న వాటిలో కొన్ని బూజులేనని 1975లో ఇంగ్లండులో కాలిన్ ఆర్పిన్ తేల్చాడు.

ఇవన్నీ పీచుని పులియబెట్టి ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలు చేస్తాయి. గేదెకి కావలసిన శక్తిలో సుమారు 70 శాతం వీటి నుంచే. పాలలోని వెన్నకి ఎసిటిక్ ఆమ్లం ముఖ్యమైన ముడిసరుకు, అంటే మన వెనిగర్‌లో ఉండేదే. మీథేన్ వాయువు త్రేన్పుల్లో బయటికి పోతుంది. ఇక ఆ సూక్ష్మజీవులు కూడా కిందికి జారి నాలుగో అరలో జీర్ణమైపోయి గేదెకి మాంసకృత్తులవుతాయి. అద్దెకున్నవాళ్ళనే ఇంటాయన తినెయ్యటమన్నమాట!

వరిగడ్డితో చిక్కేమిటంటే, దాంట్లో సిలికా, లిగ్నిన్ ఎక్కువ, మాంసకృత్తులు మూడు నాలుగు శాతమే. నత్రజని చాలకపోతే ఈ జీవులు పెరగవు, గడ్డి అరగదు. వరి కోతల వెనక పిల్లిపెసర, జనుము మేతగా వేసే మన డెల్టా రైతు వరిగడ్డిలో పచ్చిమేత కలపటం అందుకే గొప్ప పని. కాలేజీలో చదవని రసాయనశాస్త్రం అది. యూరియాతో మాగబెట్టే పద్ధతి కూడా ఉంది: వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా సుమారు 50 లీటర్ల నీళ్ళలో కరిగించి, చల్లి, తొక్కి, మూడు వారాలు గాలి చొరకుండా కప్పెయ్యాలి. అమ్మోనియా పుట్టి పీచు పట్టు సడలుతుంది. అయితే యూరియా నీళ్ళు పశువు నేరుగా తాగిందంటే ప్రాణం మీదికే వస్తుంది.

ప్రాణం పోవటమంటే గుర్తొచ్చింది. మా ఇంట్లో ఒక చూడిగేదె పలుపు తెంపుకుని రాత్రంతా కళ్ళంలో ధాన్యపు రాశి మేసింది. పొద్దున్నే నెమరు మానేసింది. మూడోనాటికి పోయింది. ఇంటికి పాడి అదొక్కటే. దిష్టి తగిలిందన్నారు. జరిగింది వేరు. ధాన్యంలోని పిండిపదార్థం ఒక్కసారిగా పడేసరికి దాన్ని తినే బాక్టీరియా విజృంభించి లాక్టిక్ ఆమ్లం పుట్టిస్తాయి. ఆరు, ఏడు మధ్య ఉండాల్సిన పి.హెచ్. ఐదుకంటే దిగిపోతుంది. పీచు తినే జీవులు చస్తాయి, ఆమ్లం రక్తంలోకి ఎక్కుతుంది. పెళ్ళిళ్ళలో మిగిలిన అన్నం గంపలకొద్దీ పెట్టినా ఇదే గతి.

వెంటనే పశువైద్యుణ్ణి పిలిస్తే, సోడియం బైకార్బనేట్‌తో ఆమ్లాన్ని విరిచి, ఆరోగ్యంగా ఉన్న పశువు రూమెన్ రసం తెచ్చి గొట్టంతో పట్టించే చికిత్స ఉంది. చచ్చిన ఊరికి కొత్త జనాన్ని తెచ్చి కాపురం పెట్టించటమే అది. గట్టి దాణా కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు పిడికెడు పిడికెడుగా పెంచుతూ, రెండు వారాలు తీసుకోవాలి.