మెనూలో బొమ్మలు

కంప్యూటరులో ఏ ప్రోగ్రాము తెరిచినా పైన 'ఫైలు', 'ఎడిట్' అని కనిపించే జాబితాలను మెనూలంటారని చదువరులకు చెప్పనక్కరలేదు. కొన్నింటిలో ఆ మాటల పక్కన చిన్న చిన్న బొమ్మలుంటాయి. అవి ఒట్టి అలంకారమని నేనూ అనుకునేవాణ్ణి, మా హాస్టలు మెస్ పద్దులు పోయేవరకు.

నిరుడు మెస్ లెక్కల కోసం పైథాన్ భాషలో, టికింటర్ సాయంతో ఒక ప్రోగ్రాము రాశాను. మెనూలో 'సేవ్', దాని కిందే 'డిలీట్'. ఒకనాటి రాత్రి మెస్ మేనేజరు గారు కళ్ళజోడు లేకుండా కూర్చుని పది రోజుల పద్దు తుడిచేశారు. "దాచాననే అనుకున్నాను బాబూ" అన్నారు పాపం. తప్పు ఆయనది కాదు, రెంటినీ పక్కపక్కన పెట్టిన నాది. నెలాఖరు. బిల్లులు వెయ్యాలి. కూరగాయల చీటీలు ఏరుకుని ఇద్దరం తెల్లవార్లూ మళ్ళీ ఎక్కించాం.

అప్పుడు బొమ్మలు పెడదామనుకున్నాను. నిలువూ అడ్డమూ 16 చుక్కలుండే బొమ్మను 'ఫోటోఇమేజ్'తో చదివించి, మెనూకు అంశాన్ని చేర్చే ఆజ్ఞలో 'ఇమేజ్' అన్నచోట ఇవ్వాలి. ఇచ్చాను. బొమ్మ వచ్చింది, మాట పోయింది! 'కాంపౌండ్' అన్నచోట 'లెఫ్ట్' అని కూడా రాస్తేగాని రెండూ కలిసి నిలవవు.

అసలు తిప్పలు ఆ తర్వాతే. కోడును చక్కగా ఫంక్షనులుగా విడగొట్టి నడిపితే, బొమ్మ ఉండవలసిన చోట సరిగ్గా అంతే మేర ఖాళీ! తప్పు చెప్పే సందేశం ఒక్కటీ లేదు. రెండు రోజులు జుట్టు పీక్కున్నాను. సంగతేమిటంటే, బొమ్మకు నేను పెట్టిన పేరు ఆ ఫంక్షను లోపలిది. ఫంక్షను ముగియగానే పేరు చెల్లిపోతుంది. ఎవరూ పట్టుకోని వస్తువును పైథాన్ చెత్తకింద జమకట్టి ఊడ్చేస్తుంది. మెనూ వాడుకుంటోంది కదా అంటారేమో. మెనూను గీసేది టీకే అనే వేరే యంత్రాంగం, దాని దగ్గర ఉన్నది బొమ్మ పేరు మాత్రమే. మెస్ టోకెను చేతిలో ఉండి కంచంలో అన్నం లేనట్టు! మందు ఒక్క పంక్తి: విండో ఉన్నంతకాలం ఉండే ఒక జాబితాలో బొమ్మనూ వేసి ఉంచడమే.

ఇక ఉత్సాహం ఆగక ప్రతి అంశానికీ బొమ్మ తగిలించాను. మేనేజరు గారికి మళ్ళీ అన్నీ ఒకేలా కనబడ్డాయి. పెద్దవాళ్ళకూ ఈ తగవు తెగలేదు లెండి. 2009లో గ్నోమ్ 2.28 వచ్చినప్పుడు మెనూ బొమ్మలను మామూలుగా కనబడకుండా ఆపేశారు. 2025లో ఆపిల్ వారు మ్యాక్ ఓఎస్ టహోలో చాలా అంశాలకు బొమ్మలు చేర్చారు. నేను మాత్రం రెండే ఉంచి మిగతావి పీకేశాను. 'సేవ్'కు మొదట పెట్టింది ఫ్లాపీ. దాన్ని నేనే ఎన్నడూ చేత పట్టలేదు, ఇంకొకరికి అర్థం కావాలనడం ఏం న్యాయం? దాని బదులు ఇనప్పెట్టె గీశాను. 'డిలీట్'కు ఎర్రటి ఇంటూ గుర్తు వేసి, అడ్డగీత కిందికి దూరంగా నెట్టి, నొక్కితే "నిజంగా తీసెయ్యాలా?" అని అడిగేలా చేశాను.

ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాక మేనేజరు గారు వరండాలోంచి కేకేస్తారు: "ఇనప్పెట్టె నొక్కేశాను బాబూ, ఇక పడుకో!"