ఇంటిలో ఛాయాచిత్ర ముద్రణము: లోపములు, కారణములు, నివారణోపాయములు

మన బేరిగై ప్రాంతమున పెక్కు ఇండ్ల గోడలపై పెద్దల ఛాయాచిత్రములు కానవచ్చును. ఒకనాడు హోసూరునకో, కృష్ణగిరికో, బెంగుళూరునకో పోయి స్టూడియోలో తీయించుకొన్న చిత్రములవి. కొన్నింటి వెనుక తాతగారి చేతివ్రాతతో పేరు, ఊరు, సంవత్సరము తెలుగులో వ్రాయబడియుండును. నేడు ఫోనుతో వానికి నకలు తీసి, ఇంటనే ముద్రించుకొను వీలు కలిగినది. కాని ముద్రణము చెడినంతనే యంత్రము పాడైనదని తలచి క్రొత్తది కొనువారును, ప్రయత్నమునే విడుచువారును కలరు. లోపమెక్కడ నున్నదో మొదట తెలిసికొన్నచో సగము చిక్కు తీరును. ఆ విధమును ఇచట వివరింతుము.

కొంతకాలము క్రిందట ఒక విద్యార్థి తన అవ్వగారి చిత్రమును ముద్రించి మాకు చూపెను. ముఖమంతయు ఆకుపచ్చగా నుండెను; అడ్డముగా తెల్లని చారలు పడెను. ప్రింటరునే మార్చవలెనని అంగడిలో చెప్పిరట. మేము ఆ యంత్రమును కంప్యూటరుతో కలుపక, దాని పరీక్షాపత్రమును మాత్రము ముద్రింపజేసితిమి. దీనినే నాజిల్ చెక్ అందురు. ఆ పత్రములోనే ఎఱ్ఱని గీతలు తెగియుండెను. కనుక దోషము చిత్రములో లేదు, ప్రింటరులో నున్నదని తేలినది. పరీక్షాపత్రము శుభ్రముగా వచ్చినచో దోషము చిత్రములోనో, కాగితములోనో, మనము చేసిన ఏర్పాటులోనో ఉన్నదని గ్రహింపవలెను. ఇదియే మొదటి సూత్రము.

చారలు ఏల పడును?

సిరాతో ముద్రించు ప్రింటరు హెడ్డునందు వెండ్రుకకంటెను సన్నని రంధ్రములు అనేకము కలవు. నీలము, మెజెంటా అను ఎఱుపు, పసుపు, నలుపు సిరాలు ఆ రంధ్రములనుండి బిందువులుగా వెడలి కాగితముపై కలిసి సకల వర్ణములగును. మెజెంటా ఆగిపోయినచో నీలము, పసుపు మాత్రమే మిగులును. అందుచేతనే అవ్వగారి ముఖము ఆకుపచ్చనయ్యెను.

రంధ్రములు పూడుటకు ముఖ్యకారణము సిరా ఎండుట. ప్రింటరును దాని మీటతోనే ఆపినచో హెడ్డు తన స్థానమునకు పోయి మూతక్రింద చేరును. గోడమీది స్విచ్చిని ఆపినను, పని నడుమ కరెంటు పోయినను, హెడ్డు మూతలేక నిలిచి సిరా గట్టిపడును. ఆ యింట జరిగినదియు నిదియే. హెడ్ క్లీనింగ్ రెండుమారులు చేయించి, ఒక రాత్రి విడిచి, మరునాడు తిరిగి పరీక్షింపగా గీతలు పూర్తిగా వచ్చెను. ఈ శుద్ధికి సిరా చాల వ్యయమగును గనుక పదేపదే చేయరాదు. వారమునకొక రంగుల పుట ముద్రించుట దానికంటె మేలు.

రంగు, కాగితము, పరిమాణము

ఫోనులో వెలుగొందిన చిత్రము కాగితముపై మసకగా వచ్చుట దోషము కాదు. తెర తానే వెలుగునిచ్చును. కాగితము తనపై పడిన వెలుగును మాత్రమే తిరిగి పంపును. చిత్రమునకు కొంచెము కాంతి పెంచి, చిన్న తునకపై ముద్రించి చూచి, పిదప పెద్ద కాగితమును వాడవలెను.

ఫోటో కాగితమునకు సాధారణముగా ఒక ప్రక్కనే సిరాను పీల్చు పూత ఉండును. వెనుకప్రక్క ముద్రించినచో సిరా మడుగుకట్టి అలుకుకొనిపోవును. కాగితపు రకమును ప్రింటరునకు తెలుపకున్నను రంగులు చెడును.

చిత్రము పలుచబడి మెట్లుమెట్లుగా కానవచ్చినచో దానిలో తగినన్ని చుక్కలు లేవని అర్థము. అంగుళమునకు 300 చుక్కల లెక్కన 4 అంగుళముల వెడల్పు, 6 అంగుళముల పొడవు గల ప్రతికి 1200 చుక్కల వెడల్పు, 1800 చుక్కల పొడవు వలయును. వాట్సాప్‌లో సామాన్యముగా పంపిన చిత్రము కుదించబడును. డాక్యుమెంటుగా పంపినచో మూలము చెడక చేరును.

తెలుగు అక్షరములు చెదరుట

చిత్రము క్రింద పేరు తెలుగులో చేర్చి బయట ముద్రణకిచ్చినప్పుడు అక్షరములు చతురస్రములగుటయు, ఒత్తులు విడిపోవుటయు మనవంటి ఎల్లప్రాంతమువారు ఎఱిగినదే. 1991లో యూనికోడు తెలుగు అక్షరములకు సంఖ్యలను నిర్ణయించినది. మనము పంపు ఫైలులో సామాన్యముగా ఆ సంఖ్యలే యుండును, అక్షరరూపములుండవు. అంగడి కంప్యూటరులో తెలుగు ఫాంటు లేనిచో రూపము దొరకదు. కావున ఇంటనే పి.డి.ఎఫ్.గానో, బొమ్మగానో మార్చి పంపవలెను. అప్పుడు అక్షరములు చెదరవు. తెలుగు రాదను నెపమున పేరును ఇంగ్లీషులో వ్రాయించుకొన నక్కరలేదు.

పాత చిత్రములకు నకలు

పాత చిత్రములు వెండి లవణముల పూతగల కాగితముపై తయారైనవి. మన రాష్ట్రముననే, ఉదకమండలములో, 1960లో నెలకొల్పబడిన హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ సంస్థ ‘ఇందు’ అను పేర ఫిలిమును, కాగితమును తయారుచేసెడిది, నేడది మూతపడినది. చీకటిగదిలో ‘హైపో’ ద్రావకమునుండి తీసిన ప్రతిని నీట చక్కగా కడుగనిచో, అందు మిగిలిన ద్రావకము ఏండ్ల తరువాత చిత్రమును పసుపుపచ్చగా మార్చును.

చిత్రము పటము అద్దమునకు అంటుకొన్నచో లాగరాదు. పూత ఊడి ముఖమే పోవును. అద్దముతోనే, కిటికీ ప్రక్కవెలుగున, ఫ్లాషు లేకుండ నకలు తీయవలెను. ఫోను వెనుక నల్లగుడ్డ పట్టినచో ప్రతిబింబము తగ్గును. అంతకుముందు ఫోను కంటిని మెత్తని పొడిగుడ్డతో తుడువవలెను. మసక చిత్రములలో అనేకము వ్రేలిముద్రల వలననే కలుగును.

పొరపాటున చిత్రము తొలగినచో మెమరీ కార్డునందు ఇంకేమియు తీయరాదు. తొలగించుటతో సాధారణముగా విషయసూచిక మాత్రమే చెరుగును. క్రొత్త చిత్రము దాని చోట వ్రాయబడువరకు పాతదానిని తిరిగి పొందు ఆశ కలదు.

యంత్రము చెడిన బాగుచేయించవచ్చును, లేదా మరియొకటి కొనవచ్చును. అవ్వగారి ఒకేయొక చిత్రము అట్టిది కాదు. విద్యార్థులారా! ఈ సెలవులలో మీ యింటి చిత్రములకు ముందువెనుకల నకలు తీయుడు. అందలివారి పేర్లను పెద్దలనడిగి, క్రొత్త ప్రతి వెనుక మెత్తని పెన్సిలుతో తెలుగులో వ్రాయుడు. వారిని ఎఱిగిన పెద్దలు ఉన్నప్పుడే ఈ పని సాగవలెను.