కుటీరం కట్టేముందు

సూరత్ నగరంలో తాపీ నదికి కుడి గట్టున అడాజన్ ఉన్నది. ఒకప్పుడు అది పల్లె. నేడు అంతస్తు మీద అంతస్తు లేచిన పేట. ఇటువంటి చోట ఫ్లాటు కొనుక్కొని స్థిరపడిన కుటుంబానికి కొంతకాలానికి మరొక కోరిక పుడుతుంది. నది ఒడ్డునో, సముద్రం దాపునో, డాంగ్ అడవుల అంచునో సెలవు దినాలు గడపడానికి ఒక చిన్న కుటీరం కావాలి. ఆ కోరికలో తప్పు లేదు. చిక్కంతా నమూనాను వెదకడంలోనే వస్తున్నది. మంచు దేశపు కొండవాలున కట్టిన అద్దాల గదిని బొమ్మలో చూసి, అచ్చంగా అదే కావాలంటారు. అక్కడ ఆ అద్దం శీతకాలపు నీరెండను లోపలికి పిలుస్తుంది. వైశాఖమాసపు గుజరాతులో అదే అద్దం గదిని కొలిమి చేస్తుంది.

నిజానికి పాశ్చాత్యులలో పేరుపొందిన కుటీరాలు ఆడంబరమైనవి కావు. 1845లో అమెరికాలోని వాల్డెన్ సరస్సు వద్ద థోరో కట్టుకొన్న ఇల్లు పది అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవు. ఒక రైలుదారి కూలీ గుడిసెను కొని, విప్పి, ఆ పలకలనే వాడుకొన్నాడు. ఖర్చు ఇరవై ఎనిమిది డాలర్ల పన్నెండున్నర సెంట్లు. చండీగఢ్ నగర నిర్మాత లె కార్బూజియే అహమ్మదాబాదులో మిల్లు యజమానుల సంఘానికి భవనం రూపొందిస్తున్న రోజులలోనే, 1952లో, ఫ్రాన్సు దక్షిణ తీరాన తనకొక చెక్క గది కట్టించుకొన్నాడు. దాని భుజం 3.66 మీటర్లు, ఎత్తు 2.26 మీటర్లు. వంటగది లేదు, పక్కనున్న భోజనశాలలోకి ఒక తలుపు మాత్రం పెట్టించాడు! ఎదుట మధ్యధరా సముద్రమంతా పరచుకొని ఉన్నా, కిటికీలు చిన్నవే.

అంత దూరం పోనక్కరలేదు. సూరత్‌కు దక్షిణాన, దండి సమీపంలో కరాడీ అనే ఊరున్నది. 1930 ఏప్రిల్‌లో ఉప్పు చట్టాన్ని ఉల్లంఘించిన పిమ్మట గాంధీజీ అక్కడ ఆకులతో అల్లిన గుడిసెలో మకాం చేశారు. మే 5వ తేదీ తొలిజామున, అర్ధరాత్రి దాటిన కొద్దిసేపటికే, పోలీసులు వచ్చి ఆయనను నిర్బంధించినది అక్కడనే. తీరపు ఎండకు ఆకు నీడ, సముద్రపు గాలికి సందులున్న గోడ: ఆ వేసవికి అదే తగిన ఇల్లు.

ఉత్తరాన కచ్ఛ్ ప్రాంతంలో భుంగా అనే గుండ్రని ఇల్లు ఉన్నది. మట్టిగోడ, దానిపై శంకువు వంటి తేలికైన గడ్డి కప్పు, చిన్న చిన్న కిటికీలు. 2001 జనవరి 26న వచ్చిన భూకంపంలో రాతి కట్టడాలు, కాంక్రీటు మేడలు కూలిన ప్రాంతంలోనే భుంగాలు అనేకం నిలిచాయి. వలయాకారపు గోడకు బలహీనమైన మూలలుండవు. అదురు చుట్టూ పంచుకొనిపోతుంది. కప్పు తేలిక కాబట్టి లాగే బరువూ తక్కువే. ఆంధ్ర తీరవాసులకు ఈ రూపం కొత్తది కాదు. మన చుట్టిల్లు దానికి దగ్గరి చుట్టమే. వంగి లోపలికి పోవలసినంత కిందికి దిగిన చూరు వలన గాలి ఇంటిని ఢీకొనక, కప్పు మీదుగా జారిపోతుంది.

అలాగని పాతదంతా క్షేమమని భ్రమపడరాదు. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విరుచుకుపడినప్పుడు గుడిసెలు ఊళ్లకు ఊళ్లే కొట్టుకొనిపోయాయి. గాలిని తట్టుకొనే రూపం నీటి ముందు నిలువలేదు. అడాజన్‌కు ఈ పాఠం వేరొకరు చెప్పనవసరం లేదు. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుండి సుమారు తొమ్మిది లక్షల క్యూసెక్కుల వరకు నీరు వదలగా, సూరత్‌లో అధికభాగంతో పాటు ఆ పేట కూడా మునిగిపోయింది. మేడ మీదికి ఎక్కగలవారు ఎక్కారు. నది ఒడ్డున ఒంటరిగా నిలిచే ఒంటి అంతస్తు కుటీరానికి మేడ ఎక్కడిది? కాబట్టి మొదట అడగవలసినది దృశ్యం ఎంత అందమని కాదు. పోయిన వరదకు నీరు ఎంతవరకు వచ్చిందని. పొరుగు గోడలపై చార ఉంటుంది, లేకుంటే ఊరి పెద్దలు చేయెత్తి చూపుతారు. ఆ గీతకు పైన నేల వేయలేని స్థలాన్ని వదలుకోవడమే మేలు.

సామగ్రి విషయానికి వస్తే, డాంగ్ అడవులు వెదురుకు ప్రసిద్ధి. అడవి వెలుపల పెరిగే వెదురును 2017లో కేంద్ర ప్రభుత్వం చట్టరీత్యా ‘చెట్టు’ నిర్వచనం నుండి తొలగించింది. పెంచుకొన్నవారు కోసి తరలించడం అప్పటినుండి సులువైనది. పచ్చి వెదురులోని పిండిపదార్థం పురుగును ఆకర్షిస్తుంది. అందుకే పల్లెవారు దానిని వారాల తరబడి నీటిలో నానవేస్తారు. నేటివారు బోరాక్సు, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణం పట్టిస్తారు. ఏ మందు పట్టించినా, వెదురు స్తంభం పాదం నేలను తాకరాదు. రాతి దిమ్మపై నిలపాలి, చూరు దానిని దాటి బాగా ముందుకు రావాలి. గడ్డికప్పు కోరుకొనేవారు రెండు ఖర్చులు ముందే లెక్క వేసుకోవాలి: కొన్నేళ్లకొకసారి తిరిగి నేయించడం, నిప్పు కప్పుకు దూరంగా ఉండేలా వంటయిల్లు విడిగా కట్టించడం.