ఆరోగ్య కేంద్రానికి ఎవరు వస్తారు? ఎవరు రారు?

మీ ఊళ్ళోనో, పక్క ఊళ్ళోనో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండే ఉంటుంది. ఉదయం పూట దాని ముందు నుంచి వెళ్తే వరండాలో కూర్చున్నవాళ్ళు కనిపిస్తారు. చంటిబిడ్డతో ఒక తల్లి, చేతికర్ర పట్టుకున్న తాతగారు, దగ్గుతున్న నడివయసు మనిషి, కాలికి గుడ్డ చుట్టుకున్న కుర్రవాడు. ఊళ్ళో ఒంట్లో బాగాలేనివాళ్ళంతా వీళ్ళేనా? కాదు. మరి మిగతావాళ్ళు ఏమయ్యారు? ప్రశ్న చిన్నదే. కాని దీనికి జవాబు వెతికితే ఎన్నో ప్రాణాలు నిలబడతాయి. ఎలాగో చూద్దాం.

వెయ్యిమందిలో ఎందరు?

1961లో కెర్ వైట్ అనే అమెరికా వైద్యుడు, ఆయన సహచరులు అమెరికా, బ్రిటన్ దేశాల లెక్కలు తీసి ఒక విచిత్రమైన సంగతి బయటపెట్టారు. వెయ్యిమంది పెద్దవాళ్ళను తీసుకుందాం. ఒక నెలలో వాళ్ళలో దాదాపు 750 మందికి ఏదో ఒక జబ్బో, దెబ్బో కలుగుతుంది. కాని వైద్యుడి దగ్గరకు వెళ్ళేది 250 మందే. ఆసుపత్రిలో చేరేది 9 మంది. వైద్య కళాశాలకు చెందిన పెద్దాసుపత్రి దాకా వెళ్ళేది ఒక్కరు! 2001లో అమెరికాలో ఈ లెక్క మళ్ళీ వేశారు. నలభై ఏళ్ళు గడిచినా అంకెలు పెద్దగా మారలేదు.

ఈ అంకెలు మన ఊరికి అచ్చంగా సరిపోతాయని అనుకోకండి. కాని అందులోని నీతి ఎక్కడైనా ఒకటే. పెద్దాసుపత్రిలో కనిపించే జబ్బులు మొత్తం జబ్బుల్లో చాలా చిన్న భాగం. ఎక్కువ జబ్బులకు వైద్యం జరగవలసింది ఇంటికి దగ్గరగా, ఊళ్ళోనే.

మన దేశంలో మెట్ల వరస

సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన 1943లో ఒక కమిటీ ఏర్పడింది. వైద్యం పల్లెకు చేరాలనీ, జబ్బు నయం చేయడం, జబ్బు రాకుండా చూడడం రెండూ ఒకే చోట జరగాలనీ ఆ కమిటీ 1946లో సూచించింది. 1952లో మొదలైన సమాజాభివృద్ధి పథకంతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు వెలిశాయి.

మన దేశపు లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో 30 వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 5 వేలకు ఒక ఉపకేంద్రం ఉండాలి. కొండ ప్రాంతాల్లో, గిరిజన ప్రాంతాల్లో ఈ అంకెలు 20 వేలు, 3 వేలు. అక్కడ ఎందుకు తగ్గించారో ఊహించగలరా?

దూరం చేసే పని

ఈ ప్రశ్నకు జవాబు చాలా పాతది. 1850లో ఎడ్వర్డ్ జార్విస్ అనే అమెరికా వైద్యుడు మానసిక వైద్యశాలలకు వచ్చే రోగుల ఊళ్ళను లెక్కగట్టాడు. ఆసుపత్రికి దగ్గరగా ఉన్న ఊళ్ళ నుంచి ఎక్కువమంది, దూరపు ఊళ్ళ నుంచి తక్కువమంది వస్తున్నారు. దూరంగా ఉన్నవాళ్ళకు జబ్బులు తక్కువ కాదు. దారే వాళ్ళను ఆపుతోంది. కొండ మీది గూడేనికి అయిదు కిలోమీటర్లంటే మైదానంలో అయిదు కిలోమీటర్ల వంటిది కాదు గదా! అక్కడ ఊళ్ళు చిన్నవి, దూరదూరంగా ఉంటాయి. అందుకే అక్కడ తక్కువ జనాభాకే ఒక కేంద్రం.

ఎవరు వస్తారు? ఎందుకు?

గర్భిణులు పరీక్షలకు వస్తారు. తల్లులు పసిపిల్లలను టీకాలకు తెస్తారు. క్షయరోగులు నెలల తరబడి వాడవలసిన మందుల కోసం వస్తారు. ముసలివాళ్ళు రక్తపోటు, మధుమేహం బిళ్ళల కోసం వస్తారు. జ్వరం, విరేచనాలు, కుక్కకాటు ఉండనే ఉన్నాయి. వీళ్ళను రప్పించేవి మూడు: మందు ఊరికే దొరకడం, నడిచి వెళ్ళగల దూరం, "నర్సమ్మ మనల్ని కసురుకోదు" అనే నమ్మకం.

ఇక రానివాళ్ళ సంగతి. వ్యవసాయ కూలీని తీసుకోండి. ఆరోగ్య కేంద్రం తెరిచి ఉండే వేళ, ఆమె పొలంలో ఉండే వేళ ఒకటే. వరుసలో పూట గడిచిందంటే ఆ రోజు కూలి పోయినట్లే. చీటీకి డబ్బు తీసుకోకపోయినా ఆమెకు ఆ మందు ఖరీదు ఒక రోజు కూలి! సాయంత్రం ఇంటికి వచ్చి సూది వేసి, డబ్బు తరవాత ఇవ్వమనే ఆరెంపీ దగ్గరకు పల్లెజనం ఎందుకు వెళ్తారో ఇప్పుడు అర్థమైందా? ఆయన చదివిన చదువు ఎంతో వాళ్ళు అడగరు. అనవసరపు సూదులు, సగంలో ఆపిన మందులు తెచ్చే చేటు తరవాత గాని తెలియదు.

నొప్పి లేని జబ్బు

అందరికంటె ప్రమాదంలో ఉన్నది తమకు జబ్బు ఉందని తెలియనివాళ్ళు. రక్తపోటు పెరిగినా చాలామందికి నొప్పి ఉండదు. గుండె, మెదడు, మూత్రపిండాలు లోలోపల దెబ్బతింటూ ఉంటాయి. పక్షవాతం వచ్చిన నాడు ఆసుపత్రికి మోసుకువస్తారు.

బ్రిటన్‌లోని వేల్స్‌లో గ్లిన్‌కోరుగ్ అనే బొగ్గుగనుల పల్లె ఉంది. అక్కడ జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే వైద్యుడు ఉండేవాడు. జబ్బని వచ్చినవాళ్ళను చూసి ఊరుకోకుండా, రానివాళ్ళను వెతికి మరీ ఊళ్ళోని పెద్దవాళ్ళందరి రక్తపోటు కొలిచాడు. ఎక్కువగా ఉన్నవాళ్ళకు ఏళ్ళ తరబడి మందులిచ్చి కనిపెట్టుకొని ఉన్నాడు. పాతికేళ్ళ తరవాత లెక్క చూస్తే, పక్కనున్న అటువంటి పల్లె కంటె అక్కడ అకాల మరణాలు తక్కువగా ఉన్నాయి. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళకే అది తక్కువగా అందుతోందని 1971లో ఆయన రాసిన మాట ప్రపంచమంతా పాకింది. దీన్నే "తలకిందుల వైద్య సూత్రం" అనవచ్చు.

ఈ తలకిందుల సూత్రాన్ని సరిచేయాలంటే ఆసుపత్రే జనం దగ్గరకు నడవాలి. 2005లో మొదలైన పథకం కింద పల్లెల్లో సుమారు వెయ్యిమంది జనాభాకు ఒక ఆశా కార్యకర్త చొప్పున ఏర్పాటు చేశారు. ఆమె ఆ ఊరి మనిషే. 2018లో హైదరాబాదు పేటల్లో బస్తీ దవాఖానాలు మొదలయ్యాయి. ముప్ఫై ఏళ్ళు దాటినవాళ్ళకు రక్తపోటు, మధుమేహం పరీక్షలు చేయడం ఇప్పుడు ఆరోగ్య కేంద్రాల పనుల్లో ఒకటి.

మీరు చేసి చూడండి

మీ వీధిలో పది ఇళ్ళు ఎంచుకోండి. పెద్దల అనుమతి తీసుకొని ప్రతి ఇంట్లో మూడే ప్రశ్నలు అడగండి: పోయిన నెలలో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా? వైద్యానికి ఎక్కడికి వెళ్ళారు? ఆరోగ్య కేంద్రానికి వెళ్ళకపోతే కారణం ఏమిటి? పేర్లు రాయకండి, జబ్బు పేరు అడగకండి. ఒకరి ఇంటి మాట మరొకరికి చెప్పకండి. దూరం, కూలి, వేళ, భయం, నమ్మకం అని కారణాలను గళ్ళు గీసి లెక్కించండి. ఏ గడిలో ఎక్కువ గీతలు పడ్డాయో మీ సైన్సు మాస్టారికి చూపించండి.

అన్నట్టు, మీ ఇంట్లో ముప్ఫై ఏళ్ళు దాటినవాళ్ళు ఉన్నారు గదా. వాళ్ళు రక్తపోటు చూపించుకొని ఎన్నాళ్ళయిందో ఈ రాత్రే అడగండి.