నడుపువానికి తగిన కారు

తండ్రికొఱకు కారు కొనదలచిన కుమారుడు అంగడికి తానే పోవును, తానే నడిపి చూచును, రంగును ధరను తానే నిశ్చయించును. దానిని నిత్యము నడుపవలసిన డెబ్బదియేండ్ల పెద్దమనిషి మాత్రము తాళములు చేతికి వచ్చిన పిమ్మటగాని అందులో కూర్చుండడు. ఈ వరుస తలక్రిందులు కావలెనని మేము శ్రోతలకు మనవి చేయుచున్నాము.

మొదట చూడవలసినది యంత్రము కాదు, ఆసనము. సెడాన్ కార్లలో అది మిక్కిలి పల్లముగా నుండును. మోకాళ్ల నొప్పులు గలవారు అందులో కూర్చుండరు, పడుదురు. లేచుటకు మరియొకరి చేయి కావలెను. జీపువంటి పెద్ద బండ్లలోనికి ప్రతిసారియు ఎక్కవలెను. ఈ రెంటి నడుమ, వ్యాగన్ ఆర్ వలె పైకప్పు ఎత్తుగానున్న చిన్న కార్లు పెక్కుమందికి అనుకూలించును. వీపు ఆసనమువైపు త్రిప్పి, ముందు కూర్చుండి, పిమ్మట రెండు కాళ్లను ఒక్కమారుగా లోపలికి తీసికొనుట సులభమైన పద్ధతి. ఇందుకు తలుపు విశాలముగా తెరచుకొనవలెను, గడప ఎత్తుగా నుండరాదు.

తరువాతిది గేరు సంగతి. భారతదేశమున చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో కనబడినది. అయినను, అంతకు పూర్వము బాల్యముననే ఆ వ్యాధికి లోనై ఒక కాలు సన్నగిలినవారు నేడు మన యిండ్లలో ఎందఱో యున్నారు. ఎడమకాలు బలహీనమైనచో క్లచ్చు లేని ఆటోమేటిక్ కారు చాలును. కుడికాలు బలహీనమైనచో వేగపు పెడలును ఎడమకు మార్పింపవలెను. రెండు కాళ్లును పనికిరానప్పుడు చేతిమీట బిగింతురు. కొన్నింటిలో ముందుకు త్రోసిన బ్రేకు పడును, వెనుకకు లాగిన వేగము హెచ్చును. అప్పుడు స్టీరింగునకు ఒక్క చేయియే మిగులును గనుక, తేలికగా తిరుగు పవర్ స్టీరింగును, దానిపై గుండ్రని పిడియు అవసరము.

ఆటోమేటిక్ కార్లన్నియు ఒక్క తీరువి కావు. 2014లో సెలెరియోతో మన దేశమున చౌకకార్లలోనికి వచ్చిన ఏఎంటీ పద్ధతిలో మామూలు గేరుపెట్టెయే యుండును. క్లచ్చును గేరును యంత్రమే కదల్చును. ధర తక్కువే గాని, గేరు మారునప్పుడు కుదుపు కలదు; ఎత్తుదారిలో బ్రేకుపైనుండి కాలు తీయగానే కొన్ని వెనుకకు జారును. తిరుమల కనుమదారి వంటి చోట్లకు పోవువారు హిల్ హోల్డ్ ఏర్పాటు గలదానిని కోరవలెను.

మధుమేహముచే పాదములు మొద్దుబారి, పెడలు స్పర్శ తెలియనివారు కారు కంటె ముందు వైద్యుని చూడవలెను.

అంగడివారు పెద్ద తెరలను మెచ్చుకొందురు. చల్లగాలి హెచ్చుతగ్గులకు చేతికందు గుండ్రని మీటయే మేలని మా యభిప్రాయము. తెరను వెదకు కన్ను రోడ్డును విడుచును. మెడ త్రిప్పలేనివారికి వెనుక కెమేరా మాత్రము నిజముగా ఉపకరించును.

మార్పులను వీధిచివరి మెకానిక్కుచే గుట్టుగా చేయింపరాదు. 2019 సవరణతో మోటారు వాహనముల చట్టమున ‘ఇన్‌వాలిడ్ క్యారేజ్’ అను మాట పోయి ‘అడాప్టెడ్ వెహికిల్’ అను మాట వచ్చినది. మార్పును రవాణా కార్యాలయమున నమోదు చేయించి, బీమావారికి తెలుపవలెను.

కొనుటకు ముందు నడుపువారే పదిమార్లు ఎక్కి దిగవలెను. చక్రాల కుర్చీ యున్నచో దానిని మడచి డిక్కీలో పెట్టి చూడవలెను. సీఎన్‌జీ కార్లు పెక్కింట సిలిండరే ఆ చోటును ఆక్రమించును.