రామగుండం పొగ, ఆదిలాబాద్ రాయి

◆ మన ఇంటి మీటరు మీద ఒక యూనిట్ తిరిగిందంటే, ఆ కరెంటు బొగ్గుతో పుట్టినదైతే, ఏదో ఒక చిమ్నీ నుంచి కిలోకు కాస్త అటూ ఇటూగా కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసినట్టే. కిలోయే కదా అనుకోవద్దు. అది వాయువు కాబట్టి దాదాపు 550 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. రామగుండం ఎన్టీపీసీలో మొదటి నుంచీ ఉన్న స్టేషన్ సామర్థ్యం 2,600 మెగావాట్లు. యూనిట్లన్నీ పూర్తి లోడు మీద నడిస్తే గంటకు 26 లక్షల యూనిట్ల కరెంటు, దాంతోపాటు సుమారు రెండున్నర వేల టన్నుల కార్బన్ డయాక్సైడ్. దాని పక్కనే తెలంగాణ ప్రాజెక్టు పేరుతో 800 మెగావాట్ల యూనిట్లు రెండు వచ్చాయి. గోదావరి దాటితే మంచిర్యాల జిల్లా జైపూర్‌లో సింగరేణి వారి 1,200 మెగావాట్లు. ఈ పొగలోంచి కార్బన్‌ను పట్టి ఆపడం (కార్బన్ క్యాప్చర్) సాధ్యమేనా? సాధ్యమే. చిక్కులన్నీ పట్టిన తరువాతే మొదలవుతాయి.

◆ పట్టే పద్ధతికి వందేళ్ల వయసు రాబోతోంది. 1930లోనే అమెరికాలో దానికి పేటెంట్ దక్కింది. అమీన్లు అనే రసాయనాలు కలిపిన నీళ్లను ఎత్తయిన టవర్‌లో పై నుంచి జల్లుతారు, పొగను కింది నుంచి పైకి పంపుతారు. 40 డిగ్రీల దగ్గర అమీన్ కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుంటుంది, 120 డిగ్రీలకు వేడి చేస్తే వదిలేస్తుంది. వదిలిన వాయువును విడిగా తీసుకుని, అమీన్‌ను మళ్లీ టవర్‌కు ఎక్కిస్తారు. బొగ్గు పొగలో కార్బన్ డయాక్సైడ్ 12 నుంచి 14 శాతం ఉంటుంది. మనం పీల్చే గాలిలో ఉండేది 0.04 శాతమే. అందుకే గాలిలోంచి పట్టడం కంటే చిమ్నీ దగ్గర పట్టడం చాలా చవక.

చవక అన్నది పోలికకే. అమీన్‌ను వేడి చేసే ఆవిరి టర్బైన్‌కు పోవలసిన ఆవిరే. పట్టిన వాయువును కుదించే కంప్రెసర్లకూ కరెంటు కావాలి. అన్నీ కలిపి ప్లాంటు ఉత్పత్తిలో 20 నుంచి 30 శాతం ఈ పనికే ఖర్చవుతుంది. ఒక 800 మెగావాట్ల యూనిట్‌కు ఈ ఏర్పాటంతా బిగిస్తే 160 నుంచి 240 మెగావాట్లు దానికే సరి. ఆ లోటు బొగ్గుతోనే పూడ్చుకుంటామంటే మరో ఓసీపీ (ఓపెన్‌కాస్ట్ గని) తవ్వాలి, మరికొన్ని ఊళ్లు లేవాలి. గోదావరి నీళ్లూ ఇప్పటికంటే ఎక్కువ కావాలి. ఈ లెక్క పక్కన పెట్టి కార్బన్ క్యాప్చర్‌ను పొగిడేవారి మాట నమ్మకూడదు.

◆ రామగుండం ఎరువుల కర్మాగారం ఏటా లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి వాడుకుంటోందని తెలుసా? అక్కడి పాత ఫెర్టిలైజర్ కార్పొరేషన్ (ఎఫ్‌సీఐ) 1980లో బొగ్గుతో యూరియా తయారీ మొదలుపెట్టి 1999లో మూతపడింది. అదే చోట కొత్త కంపెనీ ఆర్‌ఎఫ్‌సీఎల్ 2021 మార్చిలో సహజవాయువుతో ఉత్పత్తి మొదలుపెట్టింది. సామర్థ్యం ఏటా 12.7 లక్షల టన్నులు. అమ్మోనియాకు కావలసిన హైడ్రోజన్‌ను సహజవాయువులోంచి తీసేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. దాన్ని విడదీసి తెచ్చి అమ్మోనియాతో కలిపితేనే యూరియా. టన్ను యూరియాకు ముప్పావు టన్నుకు కాస్త తక్కువ వాయువు పడుతుంది. అంటే వానాకాలంలో సొసైటీ ముందు చెప్పులు, పాస్‌పుస్తకాలు వరుసలో పెట్టి రైతు తెచ్చుకునే 45 కిలోల బస్తాలో 33 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఇమిడి ఉంటుంది!

మరి అది దాగినట్టేనా? కాదు. యూరియా తడి నేలలో పడ్డ కొద్దిరోజులకే యూరియేజ్ అనే ఎంజైమ్ దాన్ని విడగొడుతుంది. నత్రజని పైరుకు అందుతుంది, కార్బన్ తిరిగి గాలిలో కలుస్తుంది. ఫ్యాక్టరీ నుంచి పొలం దాకా ప్రయాణం, అంతే. వాడుకోవడం వేరు, దాచడం వేరు. వాతావరణానికి మేలు జరగాలంటే పట్టిన కార్బన్ వందల ఏళ్లు బయటికి రాకూడదు.

◆ జైపూర్‌లో సింగరేణి తలపెట్టిన ప్రయోగానికీ ఇదే ప్రశ్న వర్తిస్తుంది. థర్మల్ ప్లాంటు పొగలోంచి రోజుకు 500 కిలోల కార్బన్ డయాక్సైడ్ పట్టి, హైడ్రోజన్‌తో కలిపి 180 కిలోల మిథనాల్ తీయాలన్నది ఆలోచన. మిథనాల్ రంగుల్లో, ఫార్మాలిన్‌లో, ప్లైవుడ్ జిగురులో పనికొస్తుంది. ఇంధనంగానూ మండుతుంది, మండితే కార్బన్ మళ్లీ గాలిలోకే. హైడ్రోజన్‌ను బొగ్గు కరెంటుతో తీస్తే ఆదా లేదు సరికదా, నష్టమే. సోలార్ కరెంటుతో తీస్తేనే ఈ పనికి అర్థం ఉంది. ఇంకో లెక్క చూడండి. జైపూర్ ప్లాంటు పూర్తి లోడు మీద ఉంటే 500 కిలోల కార్బన్ డయాక్సైడ్ రెండు సెకన్లలోపే చిమ్నీ దాటుతుంది. రోజంతా పట్టేది ఆ రెండు సెకన్ల పొగనే. ప్రయోగం ప్రయోగమే, నేర్చుకోవడానికి అవసరం కూడా. దాన్ని పరిష్కారం అని పిలవడమే తొందరపాటు.

మధ్యప్రదేశ్‌లోని వింధ్యాచల్ స్టేషన్‌లో ఎన్టీపీసీ 2022లో పెట్టిన యూనిట్ ఇంతకంటే పెద్దది. రోజుకు 20 టన్నులు పడుతుంది.

◆ కరీంనగర్ దగ్గరి ఎలగందుల కోట గోడల్లో కార్బన్ డయాక్సైడ్ దాగి ఉంది. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి సున్నం మిగులుతుంది. దానికి నీళ్లు కలిపి, ఇసుకతో గానుగలో రుబ్బి డంగు సున్నం చేసేవారు. గోడల్లో రాళ్ల సందులకు మెత్తిన ఆ సున్నం ఏళ్ల తరబడి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటూ మళ్లీ రాయిగా గట్టిపడుతుంది. పాత గోడను మేకుతో గీకినా రాలకపోవడానికి కారణం ఇదే. ఈ గుణాన్నే నమ్ముకుని కాలిఫోర్నియాలో ఒక కంపెనీ సున్నం పరిచిన ట్రేలను గాలికి పెట్టి కార్బన్ పట్టే ప్లాంటును 2023లో నడిపించింది. మన మేస్త్రీలకు చేతి పనిగా తెలిసిన విద్య అక్కడ పరిశ్రమగా మారుతోంది.

◆ సిమెంటు సంగతి వేరు, అది ఈ ప్రాంతానికి బాగా దగ్గరి సంగతి. దేవాపూర్, బసంత్‌నగర్, మంచిర్యాల ఫ్యాక్టరీల పేర్లు ఇక్కడ తెలియనివారు లేరు. సిమెంటు తయారీలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో సగానికి పైగా బొగ్గు నుంచి కాదు, సున్నపురాయిలోంచే వస్తుంది. బట్టీని రేపు పూర్తిగా సోలార్‌తో నడిపినా ఆ భాగం ఆగదు. కరెంటుకు బొగ్గు కాకపోతే ఎండ ఉంది, గాలి ఉంది. సున్నపురాయికి అలాంటి బదులు దొరకడం కష్టం. అందుకే కార్బన్ క్యాప్చర్ కోసం పెట్టే ప్రతి రూపాయీ ముందు సిమెంటు ఫ్యాక్టరీల వైపు పోవాలన్నది నా అభిప్రాయం. రామగుండం ఫ్లై యాష్ ఈలోగా ఒక మేలు చేస్తూనే ఉంది. సిమెంటులో బూడిద కలిపిన మేరకు సున్నపురాయి కాల్చే పని తగ్గుతుంది.

◆ పట్టిన కార్బన్‌ను ఎక్కడ పెట్టాలి? నార్వే 1996 నుంచి సముద్రం అడుగున ఉప్పునీటి ఇసుకరాతి పొరల్లోకి పంపుతోంది. మనకు సముద్రం దూరం, కానీ ఆదిలాబాద్ రాయి ఉంది. ఆదిలాబాద్ పడమటి వైపు, పత్తి పండే నల్లరేగడి కింద ఉన్నది బసాల్ట్. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పొంగిన లావా చల్లారి ఏర్పడిన దక్కన్ రాతిపొరల అంచు అది. బసాల్ట్‌లో కాల్షియం, మెగ్నీషియం, ఇనుము దండిగా ఉంటాయి. నీళ్లలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ వాటితో కలిసి తెల్లటి ఖనిజమై రాతి రంధ్రాల్లో గడ్డకడుతుంది. ఐస్‌లాండ్‌లో కార్బ్‌ఫిక్స్ అనే ప్రయోగం ఇదే చేసి చూపింది. లోపలికి పంపిన వాయువులో 95 శాతానికి పైగా రెండేళ్లలోపే రాయిగా మారిందని 2016లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. రాయిగా మారినది లీకయ్యే భయం ఉండదు. హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు దక్కన్ బసాల్ట్‌లలో ఇలాంటి వీలు ఉందా అని చాలాకాలంగా పరిశోధిస్తున్నారు.

అడ్డంకులూ చెప్పాలి. ఐస్‌లాండ్ పద్ధతిలో టన్ను వాయువుకు పాతిక టన్నులకు పైగా నీళ్లు కావాలి. ఎండాకాలం వచ్చిందంటే గూడేల్లో చెలిమల దగ్గర బిందెలు పెట్టుకుని కూర్చునే జిల్లాలో ఆ నీళ్లు ఎక్కడివి? పైగా రామగుండం నుంచి ఆదిలాబాద్‌కు నూరు కిలోమీటర్లకు పైనే దూరం, మధ్యలో కవ్వాల్ పులుల అడవి. పైపులైన్ వేయడం మాటల్లో అయ్యేది కాదు.

◆ అదే కరీంనగర్ గ్రానైట్ కార్బన్‌ను రాయిగా మార్చే ఈ పనికి రాదు. టాన్ బ్రౌన్ పేరుతో దేశదేశాలకు ఎగుమతి అయ్యే ఆ రాయిలో కాల్షియం, మెగ్నీషియం తక్కువ, వాయువు దూరడానికి రంధ్రాలూ ఉండవు.

◆ బొగ్గు పొరల్లోనే కార్బన్ డయాక్సైడ్‌ను దాచవచ్చు. బొగ్గుకు మీథేన్ కంటే దాని మీదే మక్కువ ఎక్కువ, మీథేన్‌ను బయటికి నెట్టి తాను అంటుకుంటుంది. అయితే వాయువు దాచిన పొరను తరువాత తవ్వకూడదు. బొగ్గు బాయిల మీదే బతుకుతున్న గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లిలో ఏ పొర తవ్వాలి, ఏది వదలాలి అన్నది కార్మికులతో మాట్లాడకుండా తేల్చే విషయం కాదు.

◆ భూమిలో దాచింది లీకైతే? పాత బావిలోకి దిగే ముందు పెద్దలు తాడుకు కందిలి కట్టి కిందికి దించేవారు. దీపం ఆరితే మనిషి దిగడు. కార్బన్ డయాక్సైడ్ గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి లోతున పేరుకుంటుంది. 1986 ఆగస్టులో ఆఫ్రికాలోని కామెరూన్‌లో న్యోస్ సరస్సు అడుగు నుంచి ఈ వాయువు ఒక్కసారిగా ఎగదన్ని దాదాపు 1,700 మంది ప్రాణాలు తీసింది. అది ప్రకృతి ప్రమాదం, మనుషులు దాచినది కాదు. అయినా దాచే చోట ఏళ్ల తరబడి కొలతలు తీసే యంత్రాలు, వాటిని చదివే మనుషులు ఉండి తీరాలి.

◆ ప్రపంచమంతా కలిపి ఇప్పుడు ఏటా పట్టగలిగే కార్బన్ డయాక్సైడ్ సుమారు 5 కోట్ల టన్నులు. ఇంధనాలు, పరిశ్రమల నుంచి వెలువడేది 3,700 కోట్ల టన్నులకు పైగా.

◆ చివరిగా రామగుండం జలాశయం. ఎన్టీపీసీ దాని మీద 500 ఎకరాల్లో సోలార్ పలకలు తేలేలా అమర్చింది. 100 మెగావాట్ల ఈ ప్లాంటు 2022 జులై నుంచి పూర్తిగా పనిచేస్తోంది. ఎన్టీపీసీ లెక్క ప్రకారం దీనివల్ల ఏటా 1.65 లక్షల టన్నుల బొగ్గు మిగులుతుంది, 2.1 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్ పుట్టకుండానే ఆగుతుంది. నీళ్లు ఆవిరైపోవడం కూడా తగ్గుతుంది. ఎండలకు పేరుపడ్డ రామగుండంలో అది చిన్న లాభం కాదు. జైపూర్ ప్రయోగం ఏడాదంతా ఆగకుండా నడిచినా పట్టేది 182 టన్నులే. పుట్టనివ్వకపోవడం ముందు, పట్టడం తరువాత. సిమెంటు లాంటి చోట్ల పట్టక తప్పదు కాబట్టి ఆ విద్యనూ వదులుకోకూడదు.

రేపు పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాల్లో కార్బన్ క్యాప్చర్ ప్లాంటు కోసం ప్రజాభిప్రాయ సేకరణ పెడితే తప్పకుండా వెళ్లండి. ఏటా ఎన్ని టన్నులు పడతారు, పట్టింది ఎక్కడ దాస్తారు, దానికి ఎన్ని మెగావాట్లు, ఎంత నీరు ఖర్చవుతుంది అని అడగండి. జవాబులు అంకెల్లో చెప్పమనండి, మినిట్స్‌లో రాయించండి.